నిలకడ లేని సాక్షి

చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగిన వారికి ‘కాణిపాకము వచ్చి ప్రమాణము చేయుదువా?’ అను ప్రశ్న కొత్త కాదు. అప్పు తీర్చితినని ఒకడు, తీర్చలేదని మఱియొకడు వాదించునపుడు, పొలముగట్టు జరిగినదని ఒకడు, జరుగలేదని మఱియొకడు పట్టుపట్టినపుడు, ఊరిపెద్దలు ఈ ప్రశ్న వేయుదురు. అచ్చటి కోనేట మునిగి, వినాయకుని యెదుట నిలిచి అబద్ధమాడుటకు నోరు రాదని ప్రజల నమ్మిక. ఈ నమ్మిక వెనుక ఒక లౌకిక సత్యమును కలదు. సాక్షి మాటకు విలువ ఎట్లు కలుగును? నిన్న చెప్పినదే నేడును, నేడు చెప్పినదే రేపును చెప్పుటచేత కలుగును. ఉదయమొక తీరున, సాయంత్రమొక తీరున పలుకు సాక్షిని ఏ న్యాయాధిపతియు నమ్మడు. అతడు చెప్పినదంతయు అసత్యమని కాదు. అందులో ఏది సత్యమో తెలియదని.

నేడు మేము ముచ్చటింపబోవునది అట్టి సాక్షిని గుఱించియే. అయితే ఈ సాక్షి మనుష్యుడు కాడు. కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించుటకై వ్రాయబడిన మఱియొక ప్రోగ్రాము.

చిత్తూరునకు ఒక ప్రక్క చెన్నై, మఱియొక ప్రక్క బెంగుళూరు. ఈ రెండు నగరముల సాఫ్ట్‌వేరు కార్యాలయములలో తిరుపతి, పుత్తూరు, పలమనేరు, కుప్పము ప్రాంతముల యువతీయువకులు ఎందఱో పనిచేయుచున్నారు. రాత్రి ఇంటికి ఫోను చేసిన కొడుకు, ‘బిల్డు ఫెయిలయిందమ్మా, టెస్టు ఫ్లేకీగా ఉంది, మళ్ళీ నడుపుతున్నా, తర్వాత మాట్లాడతా’ అని చెప్పి పెట్టివేయును. ఆ మాటలలో ‘అమ్మా’ అన్నది తప్ప తక్కినది తల్లికి బోధపడదు. ఆ తక్కినదేమో ఇంటనున్నవారికి తెలియజెప్పవలెనని మా ఉద్దేశము. తెలిసికొనవలసిన అవసరమును కలదు. మన రైలు టిక్కెట్టు, బ్యాంకు పద్దు, ఆసుపత్రి చీటి అన్నియు నేడు ఇట్టి ప్రోగ్రాముల మీదనే ఆధారపడి యున్నవి.

పెద్ద ప్రోగ్రామును ఒక్కరు వ్రాయరు. పదిమంది, ఒక్కొక్కచో వందలమంది కలిసి వ్రాయుదురు. ప్రతి దినము ఎవరో ఒకరు ఎచ్చటనో ఒక మార్పు చేయుచునే యుందురు. గోడకు మేకు కొట్టగా ప్రక్కగదిలో దీపమారినట్లు, ఒకచోట చేసిన మార్పు వేఱొకచోట చెఱుపు చేయవచ్చును. కావున మార్పు చేసినంతనే దానిని ఒక వరుసలో ప్రవేశపెట్టుదురు. ఈ వరుసకే పైప్‌లైను అని పేరు. మొదట ప్రోగ్రాములోని భాగములన్నియు ఒకటిగా కూర్పబడును. ఆ కూర్పే బిల్డు. పిమ్మట వందలు, వేల పరీక్షలు మనుష్యుని చేయి తగులకుండనే నడచును. ఖాతాలో 500 రూపాయలున్నపుడు 600 అడిగినచో ఇచ్చునా, నిరాకరించునా? ఫిబ్రవరి 29వ తేదీని గుర్తించునా? ఇట్టి చిన్న చిన్న ప్రశ్నలే ఆ పరీక్షలు. అన్నిటికిని సరియైన సమాధానము వచ్చినచో తెరపై పచ్చగుర్తు కనబడును. ఒక్కటి తప్పినను ఎఱ్ఱగుర్తు. రేణిగుంట జంక్షనులో సిగ్నలు చూచి రైలు నడచునట్లే, పచ్చ చూచి మార్పు ముందునకు పోవును. ఎఱ్ఱ చూచి ఆగిపోవును.

ఇంతవఱకు చిక్కు లేదు. కాని ఒక్కొక్క పరీక్ష ఉదయము 10 గంటలకు ఎఱ్ఱ చూపును. ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనను మార్చకుండ 10 గంటల 15 నిమిషములకు మఱల నడిపినచో పచ్చ చూపును. ఈ పావుగంటలో ప్రోగ్రాము బాగుపడలేదు, చెడలేదు. సాక్షియే మాట మార్చినాడు. ఇట్టిదానిని ఇంజనీర్లు ఫ్లేకీ టెస్టు అందురు. మనము నిలకడ లేని పరీక్ష అందము.

ఇది చేతకాని వారి యింటి రోగము కాదు. తమ సంస్థలో జరుగు పరీక్షల ఫలితములలో సుమారు 1.5 శాతము ఇట్టి నిలకడ లేనివియేయని, తమ పరీక్షలలో సుమారు 16 శాతమునకు ఏదో యొక మేరకు ఈ గుణము కలదని గూగుల్ ఇంజనీర్లు 2016లో ప్రకటించిరి. పచ్చగా నున్న పరీక్ష ఎఱ్ఱబడిన సందర్భములలో 84 శాతము ఇట్టి పరీక్షలకు సంబంధించినవేయని కూడ వారే చెప్పిరి. అనగా ఎఱ్ఱగుర్తు చూచి ఉలికిపడిన ఇంజనీరు 100 సార్లలో 84 సార్లు మాట మార్చు సాక్షినే ఎదుర్కొనుచున్నాడన్నమాట.

లెక్క వేసి చూచినచో దీని తీవ్రత యింకను తెలియును. ఒక పైప్‌లైనులో 1000 పరీక్షలున్నవనుకొందము. ఒక్కొక్కటి 1000 పర్యాయములలో ఒక్కసారి మాత్రమే అకారణముగా ఎఱ్ఱబడుననుకొందము. వెయ్యింట ఒక్కసారి పొరపాటు పడు మనుష్యుని మనము ఎంతయో మెచ్చుకొందుము. కాని ఆ 1000 పరీక్షలును కలిసి నడచినపుడు, అన్నియు పచ్చగా వచ్చు అవకాశము 100కు 37 పాళ్లకు మించదు. తక్కిన 63 సార్లు ఏ దోషమును లేకుండనే రైలు ఆగిపోవును.

ఇట్టి స్థితిలో మనుష్యుడేమి చేయును? మఱల నడుపును. అదియు ఎఱ్ఱబడినచో మూడవసారి నడుపును. పచ్చ వచ్చినంతనే ఊపిరి పీల్చుకొని ముందునకు సాగును. కొన్నాళ్లకు ఈ పనిని యంత్రమునకే అప్పగించి, ‘వరుసగా మూడుసార్లు ఎఱ్ఱబడిననే ఎఱ్ఱ, లేనిచో పచ్చగా లెక్కింపుము’ అని ఆజ్ఞ వ్రాసిపెట్టును. మేమును అట్లే చేసితిమి. దాని ఫలితమును మీకు చెప్పుటకు కొంత సిగ్గుగానే యున్నది, ఐనను చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఎనమండుగురము బెంగుళూరులో ఒక ప్రయాణ సంస్థకై ప్రోగ్రాము వ్రాయుచుంటిమి. తిరుపతికి పోవు బస్సులలో సీట్లు కేటాయించుట దాని పని. ఇద్దఱు ప్రయాణికులు ఒకే క్షణమున ఒకే సీటు కోరినపుడు ఒక్కరికే దక్కవలెను. ఈ సంగతిని పరీక్షించుటకు మేమే ఒక పరీక్ష వ్రాసితిమి. అది 30 సార్లలో సుమారు ఒక్కసారి ఎఱ్ఱబడుచుండెను. మఱల నడిపిన పచ్చబడుచుండెను. దానికి ‘పిచ్చి పరీక్ష’ అని పేరు పెట్టితిమి. కొత్తగా చేరిన ఒక అమ్మాయి, ‘అన్నా, ఇది ఎందుకు ఎర్రబడుతోంది?’ అని అడిగినది. ‘అది అంతేనమ్మా, మళ్ళీ నడుపు’ అని మేము చెప్పితిమి. ఆమె నడిపినది, పచ్చబడినది, మఱి అడుగలేదు. ఆ మఱి అడుగకపోవుటయే మేము ఆమెకు నేర్పిన తొలి పాఠము.

వైకుంఠ ఏకాదశి వచ్చినది. ఒకే సమయమున వేలమంది సీట్ల కొఱకు పూనుకొనిరి. ఆ రాత్రి బస్సులో ఒకే సీటునకు రెండు టిక్కెట్లతో రెండు కుటుంబములు ఎదురుబడినవి. అట్టివి ఒకటి రెండు కాదు. మఱునాడు ఒక పెద్దమనిషి వ్రాసిన ఫిర్యాదు మా చేతికి వచ్చినది. ఆయన తల్లికి 70 ఏండ్లు. బెంగుళూరు నుండి తిరుపతి వఱకు, సుమారు 250 కిలోమీటర్లు, ఆమె బస్సు మెట్టుపై కూర్చుండి వచ్చినదట. ‘మీ యంత్రమునకు లెక్క రాదా?’ అని ఆయన అడిగినారు. యంత్రమునకు లెక్క వచ్చును. అది మాకు చెప్పినది. ప్రతి 30 సార్లలో ఒకసారి, నెలల తరబడి చెప్పుచునే యున్నది. మేమే వినలేదు.

జరిగినదేమనగా, ఆ ప్రోగ్రాము మొదట సీటు ఖాళీగా నున్నదా యని చూచును. ఉన్నచో పేరు వ్రాయును. చూచుటకును వ్రాయుటకును నడుమ రెప్పపాటు కంటె తక్కువ కాలము. ఆ సందులో రెండవవాడు చూచినచో వానికిని ఖాళీగానే కనబడును. ఒకే పద్దుపుస్తకము ముందు ఇద్దఱు గుమాస్తాలు కూర్చున్నట్లు. పరీక్ష ఎఱ్ఱబడినప్పుడెల్ల ఆ సందు నిజముగానే తెఱచుకొనుచుండెను. అనగా మేము పిచ్చిదనుకొన్న సాక్షి మాట మార్చలేదు. దోషమే అప్పుడప్పుడు తలయెత్తుచు, అప్పుడప్పుడు దాగుచుండెను. మేము పెట్టుకొన్న ‘మూడుసార్లు’ అను నియమము ఎంతటి ముసుగో చూడుడు. 30లో ఒకసారి పైకి వచ్చు దోషము వరుసగా మూడుసార్లు కనబడుట 27,000 పర్యాయములలో ఒక్కసారి. తక్కిన 26,999 సార్లును మా నియమము ఆ దోషమునకు పచ్చజెండా ఊపి పంపినదే.

ఎఱ్ఱగుర్తును త్రోసిపుచ్చిన కథ మన ప్రాంతమునకు కొత్త కాదు. పులికాట్ సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమ నున్న శ్రీహరికోట నాడు నెల్లూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలోనిది. అచ్చట రాకెట్టును ఎగురవేయుటకు ముందు చివరి నిమిషములలో కంప్యూటరే భాగములన్నిటిని పరీక్షించును; తేడా కనబడినచో లెక్కింపును తానే ఆపివేయును. 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 తొలిసారి పైకి లేవవలసి యుండెను. 22 మీటర్ల యెత్తు, 17 టన్నుల బరువు గల ఆ రాకెట్టు నిర్మాణమునకు నాయకుడు ఏ.పి.జె. అబ్దుల్ కలామ్. కంప్యూటరు ఆగుమన్నది. రెండవ అంచె అదుపు సాధనములో తేడా యున్నట్లు చూపినది. చుట్టునున్న నిపుణులు లెక్కలు చూచి, లీకు ఉన్నను చాలినంత నిలువ కలదు, భయము లేదనిరి. కలామ్ కంప్యూటరును ప్రక్కకు పెట్టి ప్రయోగించిరి. మొదటి అంచె చక్కగా పనిచేసినది. రెండవ అంచె అదుపు తప్పినది. అందలి నైట్రిక్ ఆమ్లము అప్పటికే కారిపోయి యుండెను. రాకెట్టు బంగాళాఖాతమున పడిపోయినది. ఈ కథను కలామ్ తరువాత ఎన్నో సభలలో స్వయముగా చెప్పుకొనిరి. నాటి అధ్యక్షులు సతీశ్ ధావన్ పత్రికలవారి యెదుట బాధ్యతను తమపై వేసికొనిరి. 1980 జూలై 18న రెండవ ప్రయోగము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది.

2001 మార్చి 28న అచ్చటనే జి.ఎస్.ఎల్.వి. తొలి ప్రయోగము. ప్రక్కన కట్టిన నాలుగు ద్రవ ఇంధన యంత్రములు వెలిగినవి, పొగ క్రమ్మినది. వానిలో ఒకటి తగినంత బలము చూపలేదు. రాకెట్టు నేల విడువకముందే కంప్యూటరు అన్నిటిని ఆర్పివేసినది. కంప్యూటరు మాటకు అడ్డు చెప్పుటకు ఎవరికిని వ్యవధి లేదు. ఆ రాకెట్టే బాగుచేయబడి 21 దినముల తరువాత, ఏప్రిల్ 18న, ఎగిరినది.

మూడవది 2023 అక్టోబరు 21. గగన్‌యాన్ కార్యక్రమములో, ఆపద వేళ వ్యోమగాములను రాకెట్టు నుండి తప్పించు సాధనమును పరీక్షించు దినము. ఇంక 5 సెకన్లున్నదనగా కంప్యూటరు ఆపివేసినది. పర్యవేక్షణలో ఏర్పడిన తేడా వలన అది ఆగినదని, ఆ తేడాను వెంటనే గుర్తించి సరిదిద్దితిమని అధ్యక్షులు సోమనాథ్ వివరించిరి. అనగా ఈసారి లోపము కావలివాని కంటిలోనే యుండెను. ఐనను ‘కంటి లోపమే అయియుండును, పోనిండు’ అని వారు నొక్కివేయలేదు. కారణమును కనుగొనిరి, సరిదిద్దిరి, ఆ ఉదయము 10 గంటలకు ఎగురవేసిరి.

రాకెట్టు వేఱు, సీట్ల ప్రోగ్రాము వేఱు. రెండును ఒకటేయని మా అభిప్రాయము కాదు. కాని ఈ మూడు దినముల నుండి గ్రహింపదగిన నీతి ఒకటియే. ఎఱ్ఱగుర్తు నిజమా, వట్టిదా యన్నది ముందుగా ఊహింపదగినది కాదు; విచారించి తేల్చవలసినది. 1979లో నిజమును వట్టిదనుకొనిరి. 2023లో లోపము కావలివానిదే. కాని ఆ సంగతి విచారణ తరువాతనే తెలిసినది.

విచారించుటకు కారణముల జాడ కొంత తెలిసి యుండవలెను. 2014లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అపాచీ సంస్థకు చెందిన 51 ప్రాజెక్టులలో ఇట్టి పరీక్షలకు చేసిన 201 సవరణలను పరిశీలించిరి. కారణము తేలినవానిలో సుమారు 45 శాతము, వేచి యుండుట తెలియకపోవుట వలన కలిగినవి. దీనిని మన వంటయింటి మాటలలో చెప్పవచ్చును. సంగటి చేయునపుడు బియ్యము ఉడికిన పిదప రాగిపిండి వేయవలెను. తెలిసిన ఇల్లాలు మెతుకు పట్టి చూచి వేయును. గడియారము చూచి ‘పది నిమిషములైనది’ అని వేసినచో, మంట బాగుగా నున్ననాడు సంగటి కుదురును. కట్టెలు తడిసిననాడు పలుకు పలుకుగా మిగులును. అట్లే అవతలి యంత్రము నుండి జవాబు వచ్చినదా యని చూడక, ‘రెండు సెకన్లు ఆగి చూడుము’ అని వ్రాసిన పరీక్ష, యంత్రము మీద పనిభారము పెరిగిననాడు ఎఱ్ఱబడును. సెకన్లు పెంచుట దీనికి మందు కాదు. మెతుకు పట్టి చూచుట నేర్పవలెను.

మఱియొక 20 శాతము, ఒకే కాలమున రెండు పనులు ఒకదానితో ఒకటి ఒరసికొనుట వలన. మా బస్సు సీటు ఈ జాతిదే. ఇంకొక 12 శాతము, పరీక్షల వరుసను బట్టి కలిగినవి. మజ్జిగ తగిలిన గిన్నెలో పాలు కాచిన విఱిగిపోవును. తప్పు పాలది కాదు. ఒక పరీక్ష తాను వాడిన ఖాతాలను, పేర్లను శుభ్రము చేయక పోయినచో, తరువాత వచ్చునది చెడును. గిన్నె ఎవరు కడుగలేదో తెలియక, విఱిగిన పాలనే నిందింతుము. పరీక్షల వరుసను తాఱుమాఱు చేసి నడిపి చూచిన ఈ గుట్టు బయటపడును.

గడియారము వలన కలుగునవి మన దేశమున మఱింత వింతగా నుండును. కంప్యూటర్లు పెక్కు గ్రీనిచ్ కాలమును అనుసరించును. మన కాలము దానికి 5 గంటల 30 నిమిషములు ముందు. కావున మనకు అర్ధరాత్రి 12 గంటల నుండి ఉదయము 5 గంటల 30 నిమిషముల వఱకు వాని తేదీ నిన్నటిదే. ‘నేటి తేదీ’ని ఒకచోట మన గడియారమునుండి, మఱియొకచోట ఆ గడియారమునుండి తీసికొన్న పరీక్ష ఆ అయిదున్నర గంటలలోనే ఎఱ్ఱబడును. రాత్రి మేలుకొని పనిచేయువాడు దానితో తల బాదుకొనును. ఉదయము పెద్దలు వచ్చి చూచునప్పటికి పచ్చగా నుండును. పిల్లవాడు నిద్రమత్తులో పొరపాటు పడెననుకొందురు.

ఇంక చేయవలసినదేమి? మా చేతులు కాలిన పిదప మేము నేర్చుకొన్న పద్ధతిని చెప్పెదము. ఇందులో మేము కనిపెట్టినది ఏమియు లేదు.

మొదటిది, దాచకుండుట. మఱల నడుపుట తప్పనిసరియైనచో నడుపుడు. కాని నడిపితిమని పుస్తకమున వ్రాయుడు. ఏ పరీక్ష, ఏ దినము, ఏ గంటకు, ఏ యంత్రము మీద ఎఱ్ఱబడినదో నమోదు కావలెను. మఱల నడుపుటకు ముందే ఆనవాళ్లు భద్రపఱచవలెను. దొంగ పడిన యింటిని ఊడ్చి శుభ్రము చేసి పోలీసులను పిలువము గదా! నెల తిరిగిన పిదప ఆ పుస్తకము చూచినచో, ఎవరి జ్ఞాపకమునకును అందని సంగతులు కనబడును. ఒకటి సోమవారములందే చెడుచుండును. ఒకటి ఒకే యంత్రము మీద చెడుచుండును.

రెండవది, వేఱుపఱచుట. నిలకడ లేదని తేలిన పరీక్షను ప్రధాన వరుసనుండి తొలగించి ప్రక్కన ఉంచవలెను. అది ప్రక్కన నడచుచునే యుండును, కాని రైలును ఆపదు. దీనివలన తక్కిన పరీక్షల మాటకు మఱల గౌరవము వచ్చును. ఎఱ్ఱగుర్తు చూచినంతనే అందఱును లేచి నిలుతురు. ఈ పద్ధతిని 2011లో మార్టిన్ ఫౌలర్ అను రచయిత వివరించుచు, ప్రక్కన పెట్టినవి అచ్చటనే మఱపునకు వచ్చు ప్రమాదమును కూడ హెచ్చరించెను. ఆసుపత్రిలో వేఱుగది రోగము కుదుర్చుటకే గాని, రోగిని అందులోనుంచి తాళము వేయుటకు కాదు. కావున ప్రతి పరీక్షకు బాధ్యుని పేరొకటి, గడువు తేదీ యొకటి వ్రాసి తగిలింపవలెను. ఆ గదిలో ఇన్నిటికి మించి యుండరాదని హద్దు కూడ పెట్టుకొనవలెను.

మూడవది, నేరము ఎవరిదో తేల్చుట. దీనికి ఓర్పు కావలెను. యంత్రమునకు అది కావలసినంత కలదు. 30లో ఒకసారి చెడు పరీక్షను 100 సార్లు నడిపినచో, ఒక్కసారియైనను చెడి కనబడుటకు 100కు 96 పాళ్లకు పైగా అవకాశము కలదు. ఒక రాత్రి పని. చెడిన క్షణమున దోషము పరీక్షదా, ప్రోగ్రాముదా యని చూడవలెను. మా అనుభవమున అన్నిటికంటె పెద్ద పొరపాటు ఈ రెండవ ప్రశ్నను అడుగకపోవుటయే. పరీక్ష నిలకడ తప్పినదన్నంతనే తప్పు దానిదేయని తీర్పు చెప్పుట మనుష్యునికి సుఖము.

నాలుగవది, తీసివేయుటకు వెనుదీయకుండుట. గడువు తీఱినను ఎవరును బాగుచేయని పరీక్షను కొట్టివేయుట మంచిది. అయితే అది దేనికి కావలి కాయుచుండెనో వ్రాసిపెట్టి కొట్టివేయవలెను. కావలి లేని వాకిలి కావలి లేనిదిగానే తెలిసి యుండుట, నిద్రపోవు కావలివానిని చూచి ధైర్యముగా నుండుటకంటె మేలు.

ఇన్ని పనులకు తీరిక యెక్కడిదని అడుగవచ్చును. మమ్ము నడిపించిన పెద్దలును అదే అడిగిరి. పండుగ వచ్చుచున్నది, సంస్థవారు తొందరించుచున్నారు, ఒక్క పిచ్చి పరీక్ష కొఱకు నలుగురు నాలుగు దినములు కూర్చుందురా యనిరి. ఆ మాట అన్యాయమైనదని మేము అనము. సమయమునకు వెల కలదు. కాని మేము మఱల నడిపిన నడకలను పుస్తకము చూచి లెక్కవేసినపుడు, ఒక్కొక్కరము దినమునకు సుమారు ఒక గంట పచ్చకై ఎదురుచూచుటలోనే గడుపుచుంటిమని తేలినది. ఎనమండుగురికి ఎనిమిది గంటలు. అనగా ప్రతి దినము ఒక మనుష్యుని పూర్తి పనిదినము ఏమియు చేయకుండనే ఖర్చగుచుండెను. తీరిక లేదన్న మా మాట అబద్ధము కాదు; ఆ తీరికను తినివేయుచున్నది ఏదో మేము చూడలేదు.

‘నాన్నా పులి’ కథ చెప్పి మన పెద్దలు పిల్లవానినే మందలించుదురు. అబద్ధమాడిన పిల్లవానిది తప్పే. కాని చివరకు పులి వచ్చిన మాటయు నిజమే గదా! నిలకడ లేని పరీక్ష అకారణముగా కేకవేయుట వలన పోవునది ఒక పావుగంట. ఆ కేకకు అలవాటు పడిన చెవి వలన పోవునది అంతకంటె చాల పెద్దది. యంత్రమును బాగుచేయుటకు ఒక రాత్రి చాలును. వినకుండుట మరగిన మనుష్యులను మఱల వినునట్లు చేయుటకు మాకు ఒక సంవత్సరము పట్టినది.

ఆ పండుగ పిమ్మట మేము సీటు చూచుట, పేరు వ్రాయుట అను రెండు పనులను విడదీయరాని ఒకే పనిగా మార్చితిమి. ఒక గుమాస్తా వ్రాసి ముగించు వఱకు పుస్తకము మఱియొకనికి అందదు. ఆ రాత్రి పిచ్చి పరీక్షను 1000 సార్లు నడుపుమని ఆజ్ఞ యిచ్చి ఇండ్లకు పోతిమి. ఉదయము వచ్చి చూడగా 1000 పచ్చలు. ఆ పరీక్షకు పెట్టిన పేరు మాత్రము మార్చితిమి.

కొత్తగా చేరిన ఆ అమ్మాయియే ఇప్పుడు ఆ ప్రోగ్రామునకు పెద్ద. ఆమె క్రింద చేరిన వారికి మొదటి దినమున ఆమె చెప్పు మాట ఒకటి కలదు: ‘ఎర్రబడితే నన్ను అడుగు. నాకు తెలియకపోతే ఇద్దరం కలిసి చూద్దాం. మళ్ళీ నడపమని మాత్రం నేను చెప్పను.’ మేము ఆమెకు ఆనాడు చెప్పవలసిన మాట అదియే.

ఈసారి మీ యింటి పిల్లవాడు ఫోనులో ‘టెస్టు ఫ్లేకీ, మళ్ళీ నడుపుతున్నా’ అన్నచో, ‘ఎందుకు ఎర్రబడిందో చూశావా, నాయనా?’ అని ఒక్క మాట అడుగుడు. అతడు కొంత విసుగుకొనవచ్చును. ఐనను అడుగుడు. ఆ ప్రోగ్రాము చివర ఎచ్చటనో ఒక తల్లి టిక్కెట్టు చేతబట్టుకొని బస్సు కొఱకు నిలిచి యుండును.